నిచ్చెన మోకాళ్లు

రోజూ పొద్దున సైకిలెక్కే ముందు ఆ పేట పోస్ట్‌మ్యాన్ తన ఇంటి గుమ్మం మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పోస్టాఫీసులో అందరూ నిచ్చెన అంటారు. పొడుగు కాళ్లకు పొడుగువే నప్పుతాయని తనకు తానే తీర్మానించుకుని, నిరుడు తన సైకిల్‌కి పెడళ్లను ఇరుసుకు కలిపే ఇనుప కాడల్లో అన్నిటికంటే పెద్దవి వేయించాడు. నెల తిరక్కుండానే మోకాళ్లు పట్టేశాయి. వయసు మీద పడిందనుకున్నాడు. వచ్చే నెల నుంచి ఉత్తరాలు పంచడం మాని కౌంటర్లో కూర్చోమని పై అధికారి చెప్పిన రోజు అతనికి అన్నం సయించలేదు. చివరికి సైకిల్ షాపు ఆవిడ అతని చేత సైకిల్ తొక్కించి చూసింది.

"మోకాలు గడ్డానికి తగిలేట్టుందే అన్నా! ఇంత పొడుగు కాడలు ఎవరు వేయించుకోమన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. నేనే..."

"బాగుంది. పొడుగు మనిషివని గరిటెతో తింటావా ఏంటి?"

పాతవాటికంటే చిటికెన వేలి మందమంత పొట్టివైన కాడలు బిగించి, సీటు అంతే పైకి లేపింది. అతను వీధి చివరిదాకా తొక్కి వెనక్కొచ్చాడు. దిగబుద్ధికాక మళ్లీ వెళ్లాడు.

నొప్పి పోయినా మెట్టు మీద కూర్చోవడం మాత్రం మానలేదు. "ఇంకా దేనికండీ ఆ రుద్దడం?" అని భార్య అడిగితే, "అలవాటైపోయిందే" అంటాడు. ఇవాళ్టికీ ఆ పేటలో ఉత్తరాలు అతనే పంచుతున్నాడు.