ఆదివారం నాటి బరువు

మొన్న ఉదయగిరిలో మా ఇంటి ముందు కారు డిక్కీలో గొడుగు కోసం వెతుకుతుంటే పాత గుడ్డ ఒకటి చేతికి తగిలింది. బయటికి తియ్యకముందే గ్రీజు వాసన వచ్చింది. లోపలికి వెళ్ళి నాలుగేళ్ళ కిందటి డైరీ తీశాను. ఆ పేజీ ఇలా మొదలవుతుంది: "బుధవారం, ఉదయం పది గంటలు, ఆత్మకూరు. ఉన్నవారు: నేను, సరోజిని, మస్తాన్ భాయ్." సరోజిని నా భార్య. మస్తాన్ భాయ్ ఆ ఊళ్ళోనే నెల్లూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు కార్లు బాగుచేసిన మెకానిక్. నాకంటే రెండేళ్ళు చిన్న. కిందటేడు కాలం చేశాడు.

"పోయాడు" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ మాట ఆయన షెడ్డులో చెల్లేది కాదు. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళిన రోజున కలువాయి రైతు ఒకాయన జీపు దిగుతూనే, "భాయ్, క్లచ్చు పోయినాది" అన్నాడు. మస్తాన్ భాయ్ వంగి బండి కిందికి చూశాడు.

"యాడికి పోయినాదన్నా? ఈడనే ఉండాది గదా!"

"నీ ఎగతాళి తగలెయ్య! గేరు పడటంల్యా."

"అదీ, అట్ట చెప్పు. ఏ గేరు పడటంల్యా? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా?"

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కాలువలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో రోజూ కొలిచి రాయడం నా పని. "నీళ్ళు తగ్గినట్టున్నాయి" అని ఒక్కనాడూ రాయలేదు. కాబట్టి ఆ రైతును చూసి నవ్వుకున్నాను. నా గురించి నేను రాసుకునేటప్పుడు ఆయన కంటే అన్యాయంగా రాస్తానని అప్పటికి నాకు తెలియదు.

ఆ ఏడాది నా కారు స్టీరింగ్ బరువెక్కింది. రోజూ కాదు, అప్పుడప్పుడు. అలాంటి రోజున మా సందులో బండి తిప్పాలంటే రెండు చేతులూ వేసి గుంజవలసి వచ్చేది. ఒక శుక్రవారం నెల్లూరు తీసుకుపోయి చూపిస్తే ఆయిల్, పంపు, బెల్టు, టైర్లలో గాలి అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. మా అల్లుడు, "బండిలో ఏమీ లేదంటే ఇంక మీ వయసే గదా మామయ్యా. నడపడం మానెయ్యండి" అన్నాడు. కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. నేనూ అదే అనుకుంటున్నాను కనుక సరేనన్నాను. కారు కొనడానికి చేజర్ల నుంచి ఒకతను గురువారం ఉదయం వచ్చేటట్టు అల్లుడే మాట్లాడాడు.

సరోజిని అక్క మర్రిపాడు అవతల ఒక పల్లెలో మంచం పట్టి ఉండేది. ప్రతి ఆదివారం మేము వెళ్ళి ఆమెకు తల దువ్వి, కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళం. ఆ పల్లెకు బస్సు లేదు. కారు ఇచ్చేస్తే ఆ ఆదివారాలు కూడా ఇచ్చేసినట్టే.

చేజర్ల అతను రావడానికి ముందు రోజు, అంటే ఆ బుధవారం, ఒకసారి చెప్పి రావాలని సరోజినితో కలిసి షెడ్డుకు వెళ్ళాను. "అమ్మేస్తున్నాను భాయ్. నా చేతులు పోయాయి."

ఆయన నా చేతుల వంక చూశాడు. "రెండూ ఈడనే ఉండాయి. ఏ రోజు బరువుంటాది, ఏ రోజు ఉండదు?"

నేను సంచిలోని డైరీ తీసి ఇచ్చాను. ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో పేజీ చదివాడు. "చేతుల్లో సత్తువ లేదు." "నేడు ముసలితనం బాగా తెలిసింది." "చేతులు లొంగలేదు." నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం నా రాత వదిలేసి, పేజీ పైన అచ్చువేసిన వారం పేరు చూస్తున్నాడు.

"అమ్మా," అని సరోజినిని పిలిచాడు. "సారు చెయ్యి ఆదివారం ఆదివారమే ముసల్ది అయితా ఉండాది. బుధవారానికల్లా పడుచుదైపోతాది. ఏం పెడతా ఉండారమ్మా?"

"శనివారం ఒంటిపూట ఉంటారు భాయ్. అందుకేమో."

"శనివారం ఇంకేం చేస్తాడు?"

"బండి కడిగిస్తారు. వాటర్ సర్వీసు చేయించకపోతే ఆయనకు నిద్ర పట్టదు."

మస్తాన్ భాయ్ డైరీ మూశాడు. ముందు చక్రాలు జాకీల మీద లేపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ నెమ్మదిగా తిప్పించాడు. ఒక్కో చుట్టులో రెండు చోట్ల కొంచెం పట్టి వదులుతోంది. స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీకి ఒక కీలు ఉంటుంది. దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టాడు. తుప్పు. వారం వారం జోరునీళ్ళు కొట్టించి గ్రీజంతా కడిగేశాను. శనివారం తడిసిన కీలు తెల్లారేసరికి బిగిసేది. ఆదివారం దారిలో కదిలి కదిలి వదులయ్యేది.

"కడిగి కడిగి చంపినారు గదా సార్!" అని నవ్వుతూ, నా చేతికంటిన తుప్పును ఒక గుడ్డతో ఆయనే తుడిచి, మొన్న నాకు దొరికిన ఆ గుడ్డను డిక్కీలో పడేశాడు. తర్వాత నవ్వు ఆపి, "చూసింది రాయండి. అనుకున్నది రాస్తే చదివేవాడికి దారి దొరకదు" అన్నాడు.

కొత్త కీలు వేసేసరికి మధ్యాహ్నమైంది. "ఇంటికి పోతా బాగా కడిగించండి. రేప్పొద్దన్నే తిప్పండి. బరువుంటే అమ్మేయండి, బేరం నేనే మాట్లాడతా."

ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పి. డైరీలో ముసలితనం అని రాయడం లేదు. ఎన్నో మెట్టు దగ్గర మొదలైందో, ముందు రోజు ఏం చేశానో రాస్తున్నాను. నా చేతులకు నిజంగానే సత్తువ తగ్గే రోజు వస్తుంది. అది మొదట ఆ పేజీల్లోనే కనబడాలి, ఒకరు చెబితే ఒప్పుకోవడం కాదు. మస్తాన్ భాయ్ నాకు అప్పగించిన పని అది.

కొత్త కీలు వేసిన మర్నాడు, ఆ గురువారం ఉదయం ఆరు గంటలకు, కడిగించి రాత్రంతా వదిలేసిన కారులో కూర్చుని ఇంజన్ వేశాను. సరోజిని గడపలో నిలబడింది. ఎడమకు చివరిదాకా తిప్పాను, ఒక చేత్తో. కుడికి తిప్పాను, ఒక చేత్తో. ఎక్కడా పట్టలేదు. మళ్ళీ తిప్పుతుండగానే చేజర్ల అతను వచ్చాడు. తనూ ఎక్కి తిప్పి చూసి, "ఇంత మెత్తంగా ఉంటే ఎందుకు సార్ అమ్మేది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే సరోజిని అందుకుంది. "అమ్మడంల్యా నాయనా. కాఫీ తాగి పో."