ఓవెన్‌లో తెల్లగుడ్డ

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన మొదటి చలికాలం. ప్లెయిన్స్‌బరోలో అక్క వాళ్ళింట్లో, అప్పుడే చూసొచ్చిన దెయ్యం సినిమా గురించి స్నేహితురాళ్ళమంతా మాట్లాడుకుంటున్నాం. దెయ్యాలన్నీ ఉత్త ట్రాష్ అని బల్లగుద్ది వాదించింది నేనే.

శ్రావ్యకి రోషం వచ్చి లైట్లన్నీ ఆపేసింది. “సినిమా వదిలెయ్యండే, ఇది రియల్‌గా జరిగింది. ఒక ఇంటి కిచెన్‌లో ఎవరూ లేకపోయినా లైట్ వెలిగేదంట!”

నవ్వుతూ వంటగది వైపు తిరిగాను. చీకట్లో ఓవెన్ వెలుగుతోంది. లోపల తెల్లగుడ్డ కప్పుకుని ఏదో కూర్చుంది! కెవ్వున అరిచి శ్రావ్య మీద పడ్డాను. కథ చెప్పిన శ్రావ్య నాకంటే గట్టిగా అరిచింది.

అక్క పరుగున వచ్చి లైటు వేసింది. “పెరుగే తల్లీ! ఈ చలికి తోడుకోదని గిన్నె మీద గుడ్డ కప్పి, ఓవెన్‌లో లైటు వెచ్చదనానికి పెట్టా.”

ఇప్పుడు నా ఓవెన్‌లోనూ ఆ లైటు వెలుగుతుంది. కొత్తగా దిగిన రూమ్మేట్‌కి మాత్రం ముందుగా చెప్పను.