అలిగినవాళ్లు జీడితోటలోకి వెళ్లకూడదు

ఉద్దానంలోని మా అమ్మవాళ్ల ఊరు వెళ్తే సాయంత్రం పూట జీడితోటల్లో తిరక్కుండా ఉండలేను. విజయనగరంలో ఆటోల మోతకి చెవులు దిబ్బళ్లు పడి ఉంటాయేమో, ఆ ఎర్రనేల మీద నాలుగడుగులు వేయగానే ప్రాణం లేచొస్తుంది. పండిన జీడిపళ్ల వాసన, దూరంగా సముద్రం హోరు. బుర్రలోని చెత్తంతా దానంతటదే సర్దుకుంటుంది. అబ్బ, అదో సుఖం!

కానీ అక్కడ నోరు మూసుకుని నడవకూడదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు. "మాటాడుకుంటా ఎల్లండే! మనం వత్తన్నట్టు తెలిస్తే అదే తప్పుకుంటాది" అని అమ్మ గుమ్మంలోంచి అరుస్తుంది. మనిషి ఉన్నట్టుండి ఎదురుపడితేనే అది మీద పడుతుందట.

మొన్న వేసవిలో మా బావతో వెళ్లాను. బావంటే నా మొగుడే, మాది మేనరికం. బయల్దేరేముందు మా అన్నని ఒక మాట అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మూతి ముడుచుకుని ముందు నడిచాను, ఆయన వెనక. ఇద్దరికీ పంతమే, ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

తోట మధ్యకి వచ్చేసరికి పిట్టల అరుపులు ఆగిపోయాయి. దారి పక్కన చెదపుట్ట తవ్వేసి ఉంది, ఎలుగుబంటి పనే. మట్టి ఇంకా తడి ఆరలేదు, చెదలు చెల్లాచెదురుగా పాకుతున్నాయి. ఎక్కడో ఎండాకులు నలిగాయి. అయినా ముందు ఆయనే పలకాలని బిగుసుకునే ఉన్నాను. ఛీ, ఏం పంతమో!

"ఒసే," అన్నాడు బావ, గుసగుసగా. "తిట్టు."

"ఏటి?"

"నా ఎనకాలున్నాది. నాకు గొంతు పెగలట్లేదు. ఆపకుండా గట్టిగా తిట్టు. పరిగెత్తకు."

అందుకున్నాను. పెళ్లినాటి నుంచి మొదలుపెట్టి ఆయన తప్పులన్నీ ఏకరువు పెడుతూ నడిచాను. వెనక్కి చూసే ధైర్యం లేదు. ఆకుల చప్పుడు ఆగుతోంది, మళ్లీ వస్తోంది. కాసేపటికి తిట్లు అయిపోయాయి. నోరు మూస్తే ఆయన నాకు దక్కడు. ఏమనాలో తెలియక, "నువ్వు లేకపోతే నానేటైపోతాను బావా! నీకంటే ముందు నానే పోవాల!" అని తోట దద్దరిల్లేలా ఏడుస్తూ అరిచాను.

తారురోడ్డు ఎక్కాకే వెనక్కి తిరిగాను. ఆయనొక్కడే ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నా మొహంలోకి చూడకుండా, "ఇందాకటి మాట ఇంకోపాలి సెప్పు" అన్నాడు.