ఊకో

బర్నబాస్ మామ నాచారంలో ముప్పై ఏళ్లు లేతు మిషన్ నడిపాడు. రెండుసార్లు కొలవనిదే ఇనుము ముట్టేవాడు కాదు. రిటైరయ్యాక షేర్లు నేర్చుకుంటే, చార్టు మీద బాణం గుర్తులు చూపే ఇండికేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నేనే రాసిచ్చాను. ఏ గుర్తులు కావాలో ఎంచుకోవడానికి అందులో రెండు మాటలు పెట్టాను: కొను, అమ్ము.

"ఇంకోటి వెట్టు బిడ్డా, ఊకో అని. గది వెడితే ఏ బాణం రావద్దు," అన్నాడు.

"ఊకోనీకి గూడ మీట గావాల్నా మామా?" అని నవ్వి, జాబితాలో ఆ మాట చేర్చాను. లోపలి షరతు మాత్రం మార్చలేదు. ఎంచుకున్న మాట 'కొను' కాకపోతే అది అమ్మమనే చెబుతుంది.

సోమవారం ఆయన 'ఊకో' పెట్టుకున్నాడు. అయినా అమ్మమనే ఎర్ర బాణం వచ్చింది. ఊకోమన్నా మొత్తుకుంటోందంటే పెద్ద గండమే అనుకుని, మనవరాలి నర్సింగు చదువుకని దాచిన షేర్లన్నీ అమ్మేశాడు. మధ్యాహ్నానికే వాటి ధర ఎగిరింది.

మర్నాడు ఉప్పల్ మెట్రో కింద కలిశాడు. "కండ్లు మసకైనయ్ బిడ్డా. నేనే తప్పు నొక్కినట్టున్న. నీ దాంట్ల తప్పుండది."

జరిగింది ముందురోజే ఫోన్‌లో విని, ఆ పొద్దునే నేను షరతును గుట్టుగా సరిచేశాను. చాయ్ కూడా ఆయనే తాగించాడు.