బాపు బేసణుకు బాపే ఫోనెత్తాడు

నేను మా బాపును చంపిన సంగతి మా బమ్రోలి గల్లీలో అందరికీ తెలుసు. పోలీసులు రాలేదు, కేసూ కాలేదు. చనిపోయినాయన ఆ సాయంత్రం రెండు చాయ్‌లు తాగి, నన్ను చీపురుతో కొట్టి, అన్నం తిని పడుకున్నాడు. అయినా అది చిన్న సంగతేమీ కాదు. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. చివరిదాకా మాత్రం వినండి.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సూరత్ చీరల మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌ని. పొద్దంతా చీరల ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించడమే నా పని. మా గల్లీలో మిగతావాళ్ళంతా తెలంగాణ నుంచి వచ్చి సాంచలు నడిపే నేతవాళ్ళు. సాంచా అంటే కరెంటు మగ్గం. కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరి ఫోన్ మొండికేసినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను డాక్టరులాగా దాన్ని అటూ ఇటూ తిప్పి "ఊఁ" అనేవాణ్ణి. నిజానికి నాకొచ్చిన వైద్యం ఒక్కటే, ఆపి మళ్ళీ ఆన్ చేయడం.

గల్లీలో అందరికీ ఫేస్ చూపించే ఆ నీలం యాప్‌లో ఖాతాలు తెరిచిపెట్టింది కూడా నేనే. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే పెద్దవాళ్ళెవరికీ తెలియదు. "ఏదో ఒకటి రాయిరా" అనేవారు. నేను అందరికీ ఆగస్టు పదిహేను రాసిపారేశాను. ఇప్పటికీ ఆ కంపెనీవాళ్ళ లెక్కలో మా గల్లీ మొత్తం ఒకేరోజు పుట్టింది.

కరోనా మొదటి ఏడు గడిచి, రెండో ఏడు మొదలైన రోజులవి. అందరూ వాడే మెసేజ్ యాప్ కొత్త షరతులు పెట్టింది, ఒప్పుకుంటేనే ఉండాలంది. మన మాటలు వింటారట, ఫొటోలు చూస్తారట, ఎక్కడికి పోయినా వెనకే వస్తారట అని ఊరంతా గోల. ఆ గోల కూడా ఆ యాప్‌లోనే జరిగింది. చాయ్ బండి దగ్గర నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మీరు ఏం మాట్లాడినా వాళ్ళకు తెలుస్తది. ఇయ్యాల్నే అందరు బయటికి రావాలె!"

మా బాపు మల్లేశం ముప్పై ఏళ్ళు సాంచల మధ్య నిలబడి చెవులు సగం పోగొట్టుకున్న మనిషి. గ్లాసు కింద పెట్టి అరిచాడు. ఆయన మెల్లగా మాట్లాడితే ఆయనకే వినిపించదు.

"ఇంటరా? ఇననియ్‌రా! ముప్పై ఏండ్లాయె, మీ అమ్మ గూడ ఇంటలేదు నా మాట. ఎవడన్న ఇంటానంటే ఒద్దంటమా?"

పక్కనే ఉన్న సత్తయ్య కాక నవ్వాడు. కాక మాకు చుట్టం కాదు. బాపూ ఆయనా ఒకే రైల్లో సూరత్ వచ్చారు, ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచల మీద నిలబడ్డారు. కార్ఖానాలో మాట వినిపించదు కాబట్టి వాళ్ళు చేతులతో మాట్లాడుకునేవారు. బొటనవేలు నోటి దగ్గర వంచితే చాయ్‌కి పోదామని. పైపెదవి మీద వేలు గీస్తే మీసాల సేఠ్ వస్తున్నాడని. రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి లాగితే పోగు తెగిందని, వేళ్ళు మెలితిప్పితే అతుకుతున్నా ఆగమని. బయటికొచ్చాక కూడా ఇద్దరూ సగం మాటలు చేతులతోనే కానిచ్చేవారు.

"గందుకే మేం జేతులతోని మాట్లాడుతం. ఇగ ఏం ఇంటరో ఇనుమను!" అన్నాడు కాక.

గల్లీలో నలభై ఇళ్ళవాళ్ళను నేను వేరే యాప్‌లోకి తరలించాను. పదిహేను రోజుల్లో అందరూ పాతదానికే తిరిగొచ్చారు. కొత్తదాంట్లో గుడ్‌మార్నింగ్ పూలు రావడం లేదట.

అంతటితో అయిపోతే నేనీ కథ చెప్పనక్కర లేదు. ఎండలు ముదిరాక రెండో వేవ్ వచ్చింది. సాంచలు సగం ఆగిపోయాయి. అంబులెన్సులు మాత్రం ఆగలేదు. సత్తయ్య కాకకు ఊపిరి ఆడకపోతే దవాఖానలో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. బాపు ఇంట్లో కూర్చుని, కాకకు ఆక్సిజన్ ఎంతుందని నాచేత ఫోన్లో వెతికించేవాడు, ఆయనకు వాయిస్ మెసేజ్‌లు అరిచి పంపేవాడు.

మూడో రోజు నుంచి బాపు ఫోన్లో ప్రకటనలు మారిపోయాయి. మొదట ఆక్సిజన్ సిలిండర్లు. తరవాత బీమా. ఆ తరవాత ఫొటోకు వేసే చందనం దండలు, అస్థికలు నదిలో కలిపిపెట్టే సర్వీసు. ఒకరోజు బాపు ఫోన్ నా ముందు పెట్టి, ఎప్పుడూ లేనిది మెల్లగా అడిగాడు.

"గిది నాకే ఎందుకొస్తుందిరా? నాకు గూడ అయితదని దీనికెట్ల ఎర్కైంది?"

"అది కంప్యూటర్ బాపు, నీ గురించి దానికేం తెల్వది."

"అన్ని జూస్తది అంటివి గదా!"

నిజమే, అన్నాను. అప్పటినుంచి ఆయన గంటకోసారి మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు, అన్నం సగమే తినేవాడు. మా బాపు భయపడటం నేను అంతకుముందు చూడలేదు. నా నోటి దురద వల్లే ఇదంతా అని లోపల కుమిలిపోయాను. నీలం యాప్‌లో ఆయన ఖాతా మూసేస్తే పీడ పోతుందనుకున్నాను.

మూయడానికి పాస్‌వర్డ్ కావాలి. పెట్టింది నేనే, మరిచిపోయిందీ నేనే. వెతగ్గా వెతగ్గా ఒక దారి దొరికింది. మనిషి చనిపోయాడని ఇంట్లోవాళ్ళు ఒక ఫారం నింపితే ఖాతా తీసేస్తారు. చనిపోయినవాళ్ళకు ప్రకటనలు రావు కదా! రుజువుగా మరణవార్త కార్డు జతచేస్తే చాలన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక్కడ మా సూరత్ పద్ధతి ఒకటి చెప్పాలి. గుజరాతీల ఇళ్ళలో ఎవరైనా పోతే బేసణు పెడతారు. తెల్లబట్టల్లో వచ్చి కాసేపు కూర్చుని పరామర్శించి పోవడమన్నమాట. కరోనాలో గుమిగూడకూడదు కాబట్టి టెలిఫోన్ బేసణు వచ్చింది. కార్డు మీద ఫొటో, పేరు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఈ నంబరుకు ఫోన్ చేయండని ఉంటుంది. ఆ రోజుల్లో పేపర్లో పేజీలకు పేజీలు అవే. మా తెలుగువాళ్ళు కూడా అదే పట్టుకున్నారు.

కార్డు తయారుచేసే ఉచిత యాప్ ఒకటి బాపు ఫోన్లోకే దించాను. బాపు పెళ్ళిలో దిగిన ఫొటో పెట్టాను. దండ అదే వేసింది. నంబరు లేకుండా ముందుకు పోనన్నది, బాపు నంబరే ఇచ్చాను. సమయం అడిగింది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు అన్నాను. ఆఖర్న అది మర్యాదగా ఏవో నాలుగు ప్రశ్నలు అడిగింది. నలభై ఇళ్ళు తిరిగి "చదవకుండా ఏదీ నొక్కకండి" అని ప్రచారం చేసిన నేను, నాలుగింటికీ చదవకుండా "అనుమతించు" నొక్కాను. అందులో ఒకటి, మీ ఫోన్లో ఉన్న అందరికీ ఈ కార్డు పంపనా అని.

ఫారం పంపేసి, చేతులు దులుపుకుని స్నానానికి పోయాను. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి నాలుగయింది, బాపు ఫోన్ మోగింది.

"హలో! ఎవలు?"

"నేను సిరిసిల్ల నుంచి బాలయ్యను... మల్లేశం పోయిండట గద?" అవతలాయన గొంతు గది మొత్తానికీ వినిపిస్తోంది. బాపు ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"ఏడికి పోయిండు? ఈడనే ఉన్న!"

"గట్లనే అనిపిస్తది బిడ్డ. మనిషి ఈడనే ఉన్నట్టే ఉంటది. పెద్ద కొడుకువా?"

"కొడుకునేంది? నేనే మల్లేశాన్ని!"

"పేరు గూడ నాయినదే పెట్టుకున్నవా, మంచిది బిడ్డ. అమ్మను మంచిగ జూసుకో."

బాలయ్య పెట్టేశాడు. బాపు ఇంకా ఫోన్ వంక చూస్తూనే ఉన్నాడు, మళ్ళీ మోగింది. ఈసారి కార్ఖానా సేఠ్.

"బహుత్ అచ్ఛా ఆద్మీ థా మల్లేశ్. తీస్ సాల్ మే ఏక్ దిన్ భీ కామ్ ఖరాబ్ నహీ కియా."

ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా పని చెడగొట్టలేదన్న మాటకు బాపు ముఖం వెలిగిపోయింది. "సేఠ్, మై హీ మల్లేశ్ బోల్ రహా హూ!" అని కార్ఖానా గొంతుతో అరిచాడు. అవతల ఏదో కింద పడిన చప్పుడై లైన్ తెగింది.

"బతికుండంగ ఒక్కనాడు గిట్ల అనలే ఈ సేఠ్" అని బాపు నావైపు తిరిగాడు. "అసలు ఏందిరా ఇది?"

నాకు చెప్పే అవకాశం రాలేదు. పక్కింటివాళ్ళ ఫోన్లో కార్డు చూసి అమ్మ గడప దాటి వస్తోంది. చీపురు ఆమె చేతిలో ఉంది. నేను నత్తినత్తిగా ఫారం సంగతి చెప్పాను.

"నా బొట్టు నా మొకం మీద ఉండంగనే ఫారం నింపినవారా నువ్వు?" అని ఒక దెబ్బ వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. చీపురు బాపు అందుకున్నాడు. దెబ్బలు తింటూ కూడా నాకు లోపల నవ్వొచ్చింది. బాపు చెయ్యి ఎంత బలంగా ఉందో, ఈయనకు ఏ జబ్బూ లేదనుకున్నాను.

ఆ నవ్వు తరవాతి ఫోన్ దాకానే. అది సత్తయ్య కాక భార్య, మా చిన్నమ్మ. నేనే ఎత్తాను.

"కొడుకా, మీ బాపు..." అని ఆమె ఏడుస్తోంది. "మీ కాక ఫోన్‌కు గూడ ఒచ్చిందట కార్డు. మాస్క్ గుంజి పారేసిండట. మల్లేశమే పోయినంక నేనేం జేస్త ఈడ, నేను గూడ పోత అంటున్నడట. సిస్టరమ్మ ఫోన్ జేసి జెప్పింది."

కాక ఫోన్లో ఉన్న నంబర్లు పదో పన్నెండో. బాపు నంబరు అందులో మొదటిది. ఆ సంగతి నాకు తెలుసు, ఎక్కించింది నేనే. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చానని అప్పుడు అర్థమైంది.

బాపుకు చెప్పాను. ఆయన చీపురు వదిలేసి, "కలుపు" అన్నాడు.

కాక ఎత్తలేదు. ఆరోసారి, తలనుంచి కాళ్ళదాకా తెల్లటి ముసుగులో ఉన్న ఒక సిస్టరమ్మ ఎత్తి, వీడియో కాక ముఖం వైపు తిప్పింది. మాస్క్ మళ్ళీ పెట్టారు కానీ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"సత్తీ! ఒరే సత్తీ! నేన్రా!"

వార్డులో మెషీన్ల రొద. బాపు గొంతు చించుకున్నాడు. ఒకాయనకు చెవులు సగం, ఇంకొకాయనకు అదీ లేదు. సిస్టరమ్మ భుజం తట్టితే కాక కళ్ళు తెరిచి, ఫోన్లో బాపును చూసి, నమ్మనట్టు ముఖం తిప్పుకున్నాడు. పాత వీడియో అనుకున్నాడు కాబోలు.

బాపు అరవడం ఆపాడు. ఫోన్ నా చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి, పైపెదవి మీద వేలు గీశాడు. సేఠ్ వస్తున్నాడు.

కాక కళ్ళు ఇటు తిరిగాయి. బాపు బొటనవేలు నోటి దగ్గర వంచాడు. చాయ్‌కి పోదాం, రా.

కాసేపటికి దుప్పటి కింది నుంచి సూది గుచ్చిన చెయ్యి ఒకటి పైకి లేచింది. మెల్లగా రెండు వేళ్ళు మెలితిప్పింది. అతుకుతున్నా, ఆగు.

బాపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కాక ఆ సాయంత్రం గంజి తాగాడని చిన్నమ్మ చెప్పింది. ఆ మర్నాటి నుంచి రోజూ ఇద్దరూ ఐదు నిమిషాలు చేతులు ఆడించుకునేవారు. బాపుకు భయం పోయింది. దండల ప్రకటన వస్తే "జూడు, నాకే అమ్ముతున్నరు" అని నవ్వేవాడు.

పదకొండో రోజు బాపు ఫోన్‌కు ఒక కార్డు వచ్చింది. సత్తయ్య కాక ఫొటో, దండ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు.

బాపు దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత నావైపు చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు, ఆశ ఉంది.

"గిది గూడ నువ్వే జేసినవారా?"

చీపురు దెబ్బలు వంద తింటాను, నేనే చేశానని చెప్పే భాగ్యం ఉంటే బాగుండుననిపించింది. నేను తల అడ్డంగా ఊపాను. అయినా ఆయన నమ్మలేదు. నాలుగయ్యేదాకా కూర్చుని, కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తింది చిన్నమ్మ. బాపు అరవలేదు. "ఊఁ, ఊఁ" అని విని, పెట్టేశాడు.

నా ఫారానికి జవాబు రెండు నెలలకు వచ్చింది. మల్లేశం గారు మరణించినట్టు నిర్ధారించలేకపోయారట, ఖాతా ఎప్పటిలాగే ఉంటుందట. ఆగస్టు పదిహేనున బాపు ఫోన్ మోగింది. ఈరోజు సత్తయ్య పుట్టినరోజు, శుభాకాంక్షలు చెప్పండి.

"రాయి" అన్నాడు బాపు.

"ఏమని రాయాలె?"

ఆయన ఆలోచించి, బొటనవేలు నోటి దగ్గర వంచాడు. నేను ఒక చాయ్ గ్లాసు బొమ్మ పెట్టాను. ఆ మధ్య చిన్నమ్మ నన్ను పిలిచి, "ఆయన ఖాతా బంజెయ్యి కొడుకా, నీకు ఎర్కే గద" అంది. ఆ ఫారమే, ఆ కార్డే. ఈసారి అన్నీ నిజాలే. వేలు ముందుకు పోలేదు. రెండు రోజుల్లో చేస్తానని చెప్పి వచ్చేశాను.

కనుక మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి ఫోన్ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చదవకుండా ఏదీ అనుమతించను. ఉచితంగా ఇచ్చేది ఏదీ దించుకోను. బతికున్నవాళ్ళెవరినీ చంపను. ఆ ఫారం మాత్రం ఈ జన్మలో మళ్ళీ నింపను, మనిషి నిజంగా పోయినా సరే. సత్తయ్య కాక ఖాతా ఇంకా తెరిచే ఉంది. కంపెనీవాళ్ళు చూస్తున్నారో లేదో నాకు తెలియదు, ప్రతి ఆగస్టు పదిహేనునా బాపు చూస్తాడు.