టీచరమ్మ రాయి దగ్గర ఒక పూట

మండపేట దగ్గర ఒక చిన్న ఊళ్ళో, కన్నుమూసిన కవయిత్రి పేరున రోడ్డు పక్కన రాయి పెట్టారని ఫోన్లో ఫొటో చూసినప్పుడు నాకు ముందు కలిగింది అసూయ. నేను కాకినాడలో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ మూడు కవితా సంపుటాలు అచ్చు వేయించుకున్నవాణ్ణి. ఆ మరియమ్మ టీచర్ గారు ఒక్క పుస్తకమూ వేయలేదు. ఆవిడ రాసింది కళ్ళారా చూసి, పెద్దగా ఏమీ లేదని తేల్చుకుని వద్దామనే రెండో శనివారం బయల్దేరాను.

పొద్దున్నే కాకినాడ కాంప్లెక్సులో రాజమండ్రి బస్సెక్కాను. రామచంద్రపురం మీదుగా వెళ్ళేది చూసి ఎక్కాలి. మండపేటకి రెండు గంటల లోపే చేరుస్తుంది, టికెట్టు కూడా వంద దాటదు. దారి పొడవునా కోతకొచ్చిన చేలు, మిల్లుల ముందు బారులు తీరిన లారీలు. మండపేటలో షేర్ ఆటో డ్రైవర్ని కవయిత్రి శిలాఫలకం గురించి అడిగాను. "టీచరమ్మ రాయాండీ? ఎక్కండి," అన్నాడు. మా వీధి ఆటోవాళ్ళకే నా పేరు తెలీదు.

నడుమెత్తు నల్లరాయి. పేరు కింద, నాట్లు వేసే ఆడవాళ్ళ గురించి ఆవిడ రాసిన నాలుగు పంక్తులు. తప్పు పట్టాలని రెండుసార్లు చదివాను. ఒక్క మాట కూడా తీసేయడానికి కుదరలేదు.

ఎదురుగా టీ కొట్టు. నడిపే ఆవిడ పేరు నాగమణి. రాయి ఎవరు పెట్టించారని అడిగాను.

"ఊళ్ళోవాళ్ళమేనండి. పెళ్ళికైనా చావుకైనా కార్డు మీద మాటలు ఆవిడే రాసిపెట్టేవారు. చర్చికెళ్ళేవాళ్ళకీ, గుడికెళ్ళేవాళ్ళకీ కూడానండి."

"నేనూ కవినేనండి," అన్నాను, ఎవరూ అడగకుండానే.

"అయితే మా అత్తగారికి నాలుగు మాటలు రాసిపెడతారాండి? వచ్చే నెల సంవత్సరీకం. ఫొటో కింద వేయించాలి."

టీచర్ గారిని మించి చూపించాలనుకున్నాను. దీపం, ఆకాశం, గోదావరి అన్నీ పెట్టి చకచకా రాసి చదివాను. నాగమణి మర్యాదగా వింది.

"బాగుందండి. కానీ ఇందులో మా అత్తగారు లేరండి."

నా ముఖం మాడిపోయింది. "టీచర్ గారైతే ఎలా రాసేవారు?"

"ముందు కూర్చుని అడిగేవారండి."

నేనూ కూర్చుని అడిగాను. అత్తగారు మిల్లులో ధాన్యం ఎండబెట్టే పని చేసేవారట. మబ్బు పడితే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవారట. చివరికి మంచాన పడ్డాక కూడా, "మబ్బేసిందే, ధాన్యం ఎత్తండి," అనేవారట. చెబుతూ నాగమణి నవ్వింది, అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మబ్బూ, వదిలేసిన కంచమూ మాత్రమే రాశాను. ఈసారి ఆవిడ కాయితం తీసుకుని తనే చదువుకుంది. మడిచి గల్లాపెట్టెలో పెట్టుకుంది.

"అచ్చం టీచరమ్మగారు రాసినట్టే ఉందండి," అంది.

నా పుస్తకాలకి ఎప్పుడూ అంత మెప్పు రాలేదు. తిరుగు బస్సులో మాత్రం, అది కూడా టీచర్ గారి ఖాతాలోకే పోయిందని కుళ్ళుకుంటూ కూర్చున్నాను. రాయి మీద అసూయ మండపేట దాటేలోగానే తగ్గింది. ఎదుటి మనిషి చెప్పేది అలా కూర్చుని వినగలిగిన ఆవిడ ఓపిక మీద అసూయ మాత్రం ఇంకా అలాగే ఉంది. వెళ్ళేవాళ్ళు పొద్దుటిపూటే వెళ్ళండి. మధ్యాహ్నం ఎండకి నల్లరాయి మెరిసి అక్షరాలు కనబడవు. ఆ నాలుగు పంక్తులూ చదవకుండా తిరిగి రాకండి.