ప్రమాణం అడిగిన రోజు

వకీలుగా బతికినన్నాళ్ళూ మాట్లాడటమే నా పని. నాకు నోట మాట రాకుండా చేసిన సందర్భాలు బహు తక్కువ. వాటిలో పెద్దది రియాద్‌లో జరిగింది. తమాషా ఏమిటంటే, అప్పటికి నేను వకీలునే కాను. మా ఆయన ఇఖామా, అంటే నివాస అనుమతి, కింద ఆ దేశంలో ఉంటున్న ఒక భార్యను, అంతే.

అంతకుముందు కరీంనగర్‌లో క్రిమినల్ కేసులు చూశాను, తర్వాత హైదరాబాద్ వచ్చి హైకోర్టులో రిట్లు వేశాను. క్రిమినల్ వైపు సీనియర్లు రిట్ల వాళ్ళను జీవోలు చదువుకునే గుమాస్తాలు అనేవారు. రిట్ల వాళ్ళేమో అటువైపు వాళ్ళకు గొంతు తప్ప ఇంకేమీ ఉండదనేవారు. నేను రెండు పంక్తుల్లోనూ కూర్చున్నాను గనుక ఇద్దరి చేతా తిట్లు తిన్నాను. అయినా రెండు చోట్లా నన్ను కట్టిపడేసింది ఒకటే. కరీంనగర్‌లో ఒకసారి దొంగతనం కేసులో నా మనిషిని నిర్దోషి అన్నారు. ఇంగ్లీషులో చదివిన ఆ ఒక్క వాక్యం అతనికి అర్థం కాక బోనులోనే నిలబడిపోయాడు. ఇక పోవచ్చని కానిస్టేబుల్ భుజం తట్టి చెప్పాక బయటికొచ్చి, ఆ బోను వైపే చాలాసేపు చూశాడు. హైదరాబాద్‌లో మరోసారి, నేను రాసిన రెండు పేజీల పిటిషన్‌కు పోలీసులు ఒక కుర్రవాణ్ణి తెచ్చి జడ్జిల ముందు నిలబెట్టారు. అతణ్ణి చూడనే లేదని నిన్నటిదాకా చెప్పినవాళ్ళే తెచ్చారు. మాటకు ఇంత బలముంటుందా అని ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.

అలాంటిదాన్ని మా ఆయన ఉద్యోగం కోసం నల్లకోటు విప్పి నల్ల అబాయా తొడుక్కున్నాను. రంగు మారలేదులే అని మా అమ్మ ఓదార్చింది. మేం వెళ్ళిన కొన్నేళ్ళకు లెవీలు, అంటే పరాయి దేశాలవాళ్ళ మీద తలకింతని పన్నులు, మొదలయ్యాయి. పనివాళ్ళ మీద లెవీ, వెంట తెచ్చుకున్న పెళ్ళాం పిల్లల మీద లెవీ. నేను ఈ దేశంలో ఊపిరి పీల్చుకున్నందుకు కూడా మీరు కట్టాలా అని మా ఆయన్ను అడిగితే, అయితే కాస్త గట్టిగా పీల్చుకో, దండగ కాకుండా అన్నాడు. మా బిల్డింగ్‌లో ఒక్కొక్క కుటుంబమే సామాను అమ్మేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రాలు మెట్ల మీద పిల్లల చప్పుడు తగ్గిపోయింది.

ఆ రోజుల్లోనే మా వంటింటి అల్యూమినియం కిటికీ బాగుచేయడానికి ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. దుమ్ము తుఫానుకు వంకరపోయిన కిటికీని స్టూలెక్కి సరిచేస్తూ, నేను ఫోన్‌లో మా చెల్లెలిని కేకలేయడం అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాక, కరీంనగర్ వాళ్ళు తప్ప గట్ల తిట్టరమ్మా అన్నాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. నేను వకీలునని తెలిశాక వకీలమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. ఆ రోజు అతనికి చాయ్‌తో పాటు సకినాలు కూడా పెట్టాను.

కొన్ని నెలల తర్వాత అతని నుంచి ఫోన్ వచ్చింది. హురూబ్ పడింది వకీలమ్మా అన్నాడు.

అక్కడి తెలుగువాళ్ళకు ఆ మాట వింటేనే కాళ్ళు చల్లబడతాయి. పనివాడు పారిపోయాడని కఫీల్, అంటే అతణ్ణి తెచ్చుకున్న యజమాని, ప్రభుత్వానికి చేసే ఫిర్యాదు అది. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే చాలు, మనిషి నేరస్థుడైపోతాడు. రోడ్డు మీద పట్టుకుంటే తర్హీల్‌కు, అంటే జనాన్ని దేశం నుంచి పంపించేసే జైలుకు తీసుకుపోతారు. వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. ఇతని విషయంలో విడ్డూరం ఏమిటంటే, పారిపోయాడని రాసిన రోజు కూడా ఇతను రియాద్‌లోనే, సులై పేటలో, అదే కఫీల్ షాపులో కిటికీ చట్రాలు కోస్తున్నాడు.

కఫీల్ పెద్దాయన. ఆ షాపు పెట్టినప్పటి నుంచీ ఇతను ఆయన దగ్గరే ఉన్నాడు. నితాకాత్ వచ్చి, ఇంతమంది పరాయివాళ్ళకు ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చారు. లెవీ పెరిగాక షాపు మొయ్యలేకపోయింది. అప్పటికి లెక్కలన్నీ కొడుకు చేతికి వచ్చాయి. పనివాణ్ణి పద్ధతి ప్రకారం పంపించడం కన్నా పారిపోయాడని రాసెయ్యడం సులువని ఆ కొడుక్కి ఎవరు నేర్పారో తెలియదు.

ఎంబసీ వాళ్ళను అడుగుదాం, ఎలాగోలా ఊరికి పంపిస్తారు అన్నాను. అతను ఒప్పుకోలేదు.

"ఊరికి పోవుడు కాదు వకీలమ్మా. నేను పారిపోలే. ఆ మాట తీసేయించుండ్రి. ఇన్నేండ్లు చేసి దొంగలెక్క పోవాల్నా?"

అతనికి కావలసింది అదొక్కటే, అందరిలా పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని వెళ్ళడం. నాకు నా పాత బుద్ధులన్నీ లేచి కూర్చున్నాయి. ఇది క్రిమినల్ కేసా, రిట్ కేసా? మనిషి మీద నేరం మోపారు గనుక మొదటిది. నోటీసివ్వకుండా, నీ మాటేమిటని అడగకుండా ముద్ర వేశారు గనుక రెండోది. మన దగ్గరైతే పొద్దుటికల్లా పిటిషన్ తయారయ్యేది. అక్కడ ప్రభుత్వం మీద ఫిర్యాదులు వినే కోర్టు వేరే ఉందన్నారు. కానీ ముందు తేలవలసింది ఒక్కటే, ఆ రోజు ఇతను పనిలో ఉన్నాడా లేడా. అది కొత్తగా పెట్టిన లేబర్ కోర్టులో తేలాలి. సాయంగా వెంట వెళ్ళడానికి ఎంబసీ నాకు అనుమతి ఇచ్చింది. వాదించే హక్కు మాత్రం లేదు. నోరు కట్టేసుకుని కోర్టుకు వెళ్ళడం నా జన్మలో అదే మొదటిసారి.

సాక్ష్యం వెతికాం. షాపులో ఉన్న బంగ్లాదేశ్ మనిషి అప్పటికే ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాడు. పాకిస్తానీ వెల్డర్ ముందు వస్తానన్నాడు, తర్వాత తన ఇఖామా కూడా ఆ కఫీల్ చేతిలోనే ఉంది గనుక రాలేనన్నాడు. షాపులోని కెమెరా రికార్డు కొడుకు చేతిలో ఉంది. ఇక మిగిలింది క్రాస్ ఎగ్జామినేషన్ అనుకున్నాను. పెద్దాయన్ను ఊపిరాడకుండా చేసే ప్రశ్నలు తయారుచేశాను. ఆ పొద్దున షాపు ఎవరు తెరిచారు, వ్యాను ఎవరు తోలారు, ఆ రోజు కోసిన చట్రాలు ఎవరి ఇంటికి చేరాయి. మా ఆయనకు చదివి వినిపిస్తే, పాపం పెద్దాయన అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

కోర్టు హాలు కరీంనగర్‌లో మా సీనియర్ ఆఫీసు గది కన్నా చిన్నది. బోను లేదు, గౌన్లు లేవు, కేకలు లేవు. ఎర్రగళ్ళ తలగుడ్డ చుట్టుకున్న జడ్జికి మా చిన్న తమ్ముడి వయసుంటుంది. ఆయన మాట్లాడే ప్రతి మాటా గుమాస్తా టైపు చేస్తుంటే, ఇరువైపుల వాళ్ళకూ తెరమీద కనిపిస్తోంది. పెద్దాయన చేతికర్రతో, కొడుకు పట్టుకోగా వచ్చి కూర్చున్నాడు. మా మనిషి లేచి సలాం చెప్పాడు. పెద్దాయన బదులు చెప్పాడు గానీ కళ్ళెత్తలేదు.

అతను పని వదిలి వెళ్ళాడని కఫీల్ వైపు వాళ్ళు రాతలో ఇచ్చిన జవాబును జడ్జి చదివారు. నీ దగ్గర సాక్ష్యం ఉందా అని మా మనిషిని అడిగారు. లేదన్నాడు. నేను అరబ్బీలో రాయించి తెచ్చిన ప్రశ్నల కాగితం అందించాను. ఆయన మర్యాదగా తీసుకుని, చదివి, పక్కన పెట్టారు. తర్వాత అన్నది కోర్టు దుబాసీ ఉర్దూలో చెప్పాడు. నీకు సాక్ష్యం లేదు. అయితే ఒక హక్కుంది. ఆయన చేత ప్రమాణం చేయించమని అడగవచ్చు. ఆయన ప్రమాణం చేస్తే నీ దావా అక్కడితో కొట్టేస్తాను, మళ్ళీ ఎప్పటికీ తెరవలేవు. చేయనంటే నీ మాటే నిలుస్తుంది.

కేసు మొత్తం తీసుకెళ్ళి ఎదుటివాడి నోట్లో పెట్టడమా? నా కెరీర్‌లో ఏ జూనియర్ అలా చేసినా ఆఫీసు మెట్లు ఎక్కనిచ్చేదాన్ని కాదు. మా కోర్టుల్లో ప్రమాణం సంగతి నాకు తెలియనిదా. బెంచి క్లర్కు బస్సు కండక్టరులా గడగడా చదువుతాడు, సాక్షి తల ఊపుతాడు, నేను కాగితాలు సర్దుకుంటాను. ప్రమాణం చేసేటప్పుడు సాక్షి ముఖం నేను ఏ రోజూ చూడలేదు. అందులో చూడటానికేమీ ఉండదు. ఆ తర్వాతే అబద్ధాలు మొదలయ్యేవి.

మా మనిషి నా వైపు చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. అతను జడ్జి వైపు తిరిగి, అడుగుతున్నానని ఉర్దూలో చెప్పాడు.

గుమాస్తా టైపు చేయడం ఆపాడు. జడ్జి పెద్దాయన వైపు కొంచెం వంగి, తండ్రితో మాట్లాడినట్టు మెల్లగా చెప్పారు. ఈ తీర్పు ఇక నా చేతిలో లేదు, మీకూ దేవుడికీ మధ్య ఉంది, తొందరేమీ లేదు, ఆలోచించుకోండి అన్నారని దుబాసీ గుసగుసగా చెప్పాడు. తర్వాత పలకవలసిన మాటలు జడ్జి ఒక్కొక్కటే పలికారు. అల్లాహ్ మీద ప్రమాణం చేసి, ఆ రోజు ఈ మనిషి నా పనిలో లేడని చెబుతున్నాను.

కొడుకు తండ్రి చెవిలో ఏదో అన్నాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. అప్పుడు, వచ్చాక మొదటిసారి, మా మనిషి ముఖంలోకి చూశాడు. ఇద్దరూ అలా చూసుకుంటూనే ఉన్నారు. ఆయన పెదవులు కదిలాయి. ఎంత తేలిక, ఒక్క వాక్యం. చెబితే కేసు పోయింది, షాపు మీద ఏ మచ్చా ఉండదు. పట్టుకునేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. నేను చూసిన సాక్షులైతే పాన్ నములుతూ చెప్పేసేవారు.

"లా," అన్నాడు పెద్దాయన. లేదు అని. తర్వాత ఇంకొంచెం గట్టిగా, "నేను ప్రమాణం చేయను. ఆ పొద్దున చాయ్ వీడే తెచ్చిచ్చాడు."

గుమాస్తా టైపు చేశాడు. ఆ మాటలు తెరమీద కుడి నుంచి ఎడమకు పాకుతూ వచ్చాయి. ఎంతమంది సాక్షులను నిలబెట్టి, తిప్పి తిప్పి అడిగి, తిట్టి, బెదిరించి బయటికి లాగలేకపోయిన నిజాన్ని ఒక ముసలాయన, తనకే నష్టమని తెలిసి, తనంతట తాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి అబాయా ముసుగు అంచు పనికొచ్చింది. నల్లకోటుకు ఆ సౌకర్యం లేదు.

ఆ తీర్పు పట్టుకుని తిరిగితే కొంత కాలానికి హురూబ్ తీసేశారు, ఫైనల్ ఎగ్జిట్ కూడా పడింది. కానీ నాకు బాగా గుర్తున్నది ఆ రోజు కోర్టు బయట జరిగిందే. కొడుకు విసురుగా ముందే దిగిపోయాడు. పెద్దాయన మెట్ల దగ్గర తడబడితే మా మనిషి వెళ్ళి మోచెయ్యి పట్టుకుని దింపాడు. ఆయన్ను కారులో కూర్చోబెట్టి అతను మళ్ళీ పైకి, నా దగ్గరికి వచ్చాడు.

నేను వద్దన్నా ఎందుకు అడిగావు, ఆయన ప్రమాణం చేయడని నీకు ముందే తెలుసా అని అడిగాను.

"నాకేం ఎరుక వకీలమ్మా. చేస్తడనే అనుకున్న," అన్నాడు. "కొడుకు రాసిన మాట కాదు, ఆయన నా మొఖం చూసి, ఆయన నోటితోని చెప్పాలె, నువ్వు పారిపోయినవురా అని. ఆయన చెప్తె పోదామనుకున్న. జైలుకైనా."

నా ప్రశ్నలలో ఆ ఒక్క ప్రశ్న లేదు. కింద కారు హారన్ మోగింది. పెద్దాయన పిలుస్తుండు అని, చెప్పులు సరిచేసుకుని, పారిపోయాడని రాయించుకున్న ఆ మనిషి గబగబా మెట్లు దిగి వెళ్ళాడు.